చక్రాల ఇంటికి తడిగుడ్డ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. "అమెరికాలో మీ అబ్బాయితో ఇల్లులాంటి బండిలో తిరిగి వచ్చారట. చూసిన ప్రదేశాలు అందరూ చెబుతారు. మీరు నలుగురికీ పనికివచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఆ బండిని దారిలో బయటివైపు శుభ్రంగా ఉంచుకోవడం గురించి చెబుతాను. ఇదీ ఒక ఉపన్యాస విషయమేనా అని కొందరికి నవ్వు రావచ్చు. పూర్తిగా విన్న తరువాత నవ్వవలసిందని మనవి.

మనలో చాలామంది పిల్లలు అక్కడ స్థిరపడ్డారు. వీసా దొరికితే నాలుగైదు నెలలు వెళ్ళి వస్తున్నాం. సెలవులు వచ్చినప్పుడు ఈ బండి అద్దెకు తీసుకుని తల్లిదండ్రులను తిప్పడం ఇప్పుడు మన పిల్లలకు కూడా అలవాటవుతోంది. హోటల్ తిండి పడని మనవంటి వారికి అది నిజంగా సుఖమైన ఏర్పాటే. మన దేశంలో కూడా కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి బళ్ళ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది. కనుక ఈ సంగతులు ఎప్పుడో ఒకప్పుడు అక్కరకు వస్తాయి.

ముందుగా బండి సంగతి. అక్కడ దాన్ని ఆర్.వి. అంటారు. రిక్రియేషనల్ వెహికల్ అన్న మాటకు అది పొట్టిపేరు. ఇంజనుతో సహా ఉండేది మోటార్ హోమ్. వేరే బండి వెనుక తగిలించి లాగేది ట్రైలర్. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ఊరికి ఈ బళ్ళ తయారీలో రాజధాని అని పేరు. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీలో 1958లో మొదలైన విన్నెబాగో కంపెనీ ఎంత ప్రసిద్ధమంటే, మనం వనస్పతిని డాల్డా అన్నట్లు, ఏ కంపెనీ మోటార్ హోమ్‌నైనా విన్నెబాగో అనేవాళ్ళు అక్కడ ఉన్నారు. లోపల పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానానికీ మరుగుదొడ్డికీ చోటు, మంచినీళ్ళ ట్యాంకు అన్నీ ఉంటాయి.

మేము 2024 సెప్టెంబరులో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఒక బండి తీసుకున్నాము. పొడవు ఇరవై అయిదు అడుగులు. డ్రైవరు తలమీదుగా ముందుకు పొడుచుకువచ్చిన పడక ఒకటి ఉంటుంది, మనుమలిద్దరూ దాన్ని ఆక్రమించారు. అబ్బాయి, కోడలు, మా దంపతులం, పిల్లలు, మొత్తం ఆరుగురం, పదిరోజుల ప్రయాణం.

బండి చేతికి ఇచ్చేముందు ఒప్పందం కాగితాలు ఇచ్చారు. అబ్బాయి సంతకం పెట్టబోతుంటే ఆగమని, ఒక మూల కూర్చుని అన్ని పేజీలూ చదివాను. ముప్పై అయిదేళ్ళ గుమాస్తాగిరీ ఊరికే పోతుందా? అందులో మూడు షరతుల కింద గీత గీశాను. మరీ మురికిగా తిరిగి ఇస్తే శుభ్రం చేసిన ఖర్చు డిపాజిట్‌లో మినహాయిస్తారు. ఉప్పు మైదానం మీదికి బండి దింపకూడదు. కొత్తగా కనిపించిన దెబ్బకు, మరకకు అద్దెకు తీసుకున్నవారే బాధ్యులు. ఈ మూడింటికీ బండి పైభాగంతోనే సంబంధం. ఆ రోజే అనుకున్నాను, ఈ ప్రయాణంలో నా సీటు ఇదేనని.

"నాన్నగారూ, మీకెందుకీ శ్రమ? కూర్చుని కొండలు చూడండి" అన్నాడు అబ్బాయి. కొండలు చూస్తూనే తుడుస్తానన్నాను.

ఉద్యోగంలో ఉండగా కొన్నేళ్ళు నేను ఆఫీసు జీపుల లాగ్‌బుక్కులు చూసే సీటులో పనిచేశాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పోశారు, ఏ మరమ్మతుకు ఎంత బిల్లు అయింది, ఇదే నా పని. ఒక డ్రైవరు బండికి మరమ్మతు బిల్లులు తక్కువగా వచ్చేవి. కారణమేమిటా అని గమనించాను. మిగతావారు వారానికొకసారి బకెట్లతో నీళ్ళు కుమ్మరించి కడిగేవారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే ఒక తడిగుడ్డ పట్టుకుని బండి చుట్టూ తిరిగేవాడు. అడిగితే, "తుడిచేటప్పుడే కదండీ తెలిసేది, నట్టు వదులైందో, ఆయిలు కారుతోందో" అన్నాడు. తుడవడమంటే ఆయనకు బండిని చూసుకోవడమే. నేను ఈరోజు చెప్పదలచుకున్నది కూడా ఈ ఒక్క మాటే. మెరుపు కోసం కాదు, చేతితో తాకుతూ కంటితో చూసుకోవడం కోసం తుడవాలి. అది కూడా రోజూ కొంచెం. మిగిలినదంతా దీని వివరమే.

మొదట పురుగుల సంగతి. పొలాల పక్కన సాయంత్రం పూట ప్రయాణం చేస్తే బండి ముఖం మీద పురుగులు గుంపులుగా తగిలి చస్తాయి. వాటి ఒంట్లోని రసాలకు ఆమ్లగుణం ఉంటుంది. మరునాటి ఎండకు అవి కాగితానికి జిగురు అంటినట్లు అంటుకుని రంగును తినేస్తాయి. ఫ్లోరిడాలోను, గల్ఫ్ తీరంలోను ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, ఆగస్టు–సెప్టెంబరులో మరొకసారి జంటలు జంటలుగా ఎగిరే నల్లపురుగులు వస్తాయి. వాటిని లవ్ బగ్స్ అంటారు. పేరు ముద్దుగానే ఉంది, మరక మాత్రం ముద్దుగా ఉండదు. వీటిని గోకకూడదు. తడిపిన తువ్వాలు పరిచి పది నిమిషాలు వదిలేస్తే నాని వాటంతటవే వదులుతాయి. అప్పుడు మెత్తగా తుడవాలి. ఈ పని ఆ రాత్రే చేస్తే పది నిమిషాలు, మూడు రోజులకు చేస్తే మూడు గంటలు. డి.ఏ. బకాయి కోసం మనం ఏళ్ళ తరబడి ఎదురుచూడగలం కాని, పురుగుల బకాయి ఒక్కరోజు కూడా ఉంచరాదు. పక్షి రెట్టకూ ఇదే సూత్రం. చెట్టు బంక అయితే నీళ్ళకు పోదు. గుడ్డ మీద కొంచెం స్పిరిట్ వేసి ఒత్తి పట్టుకోవాలి.

ముందు అద్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ పెట్రోలు బంకుల్లో నీళ్ళ బకెట్టు, కర్రకు స్పాంజి, రబ్బరు పట్టీ ఉన్న పరికరం ఉచితంగా పెడతారు. ఆగిన ప్రతిసారీ అద్దం తుడుచుకోవాలి. పొద్దుగూకే వేళ సూర్యుడు ఎదురుగా ఉంటే మురికి అద్దంలోంచి రోడ్డు కనబడదు, తెల్లటి తెరలాగ వెలుగే కనబడుతుంది. ఆ పరికరాన్ని అద్దానికే వాడాలి. వందమంది బళ్ళ ఇసుక దానిలో ఉంటుంది కనుక రంగు మీద రుద్దితే గీతలు పడతాయి. అద్దంతో పాటు ముందు దీపాలు, వెనుక ఎర్రదీపాలు, పక్క అద్దాలు, నంబరు ప్లేటు, వెనక్కి నడిపేటప్పుడు చూపించే కెమెరా కన్ను, ఇవన్నీ రోజూ తుడవవలసినవే. బండి ఒళ్ళంతా మురికిగా ఉన్నా ఇవి మాత్రం ఉండకూడదు. ప్రాణం వీటిమీద ఆధారపడి ఉంది.

ఇక ధూళి. మోయాబ్ అనే ఊరి దగ్గర ఆర్చెస్ నేషనల్ పార్కు ఉన్నది. ఎర్రని ఇసుకరాతి కమానులు, చూడవలసిన చోటు. ఆ ఎర్రధూళి బండికంతా పసుపు కుంకుమలు అద్దినట్లు పట్టుకుంటుంది. అది మెత్తని ఇసుక. పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్లే. ముందు మెత్తని కుచ్చు బ్రష్షుతో దులపాలి, తరువాత తడిగుడ్డ. పైనుంచి కిందికి తుడవాలి, కింది ఇసుక పైకి పోకూడదు. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం మురికైతే తిప్పి మరో ముఖం వాడాలి. నీళ్ళకు రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకటి సబ్బునీళ్ళకు, రెండవది మురికిగుడ్డ జాడించడానికి. రెండూ కలిపేస్తే ఇసుకను తిరిగి బండికే పూస్తాం. సబ్బు కూడా బళ్ళకోసం చేసినదే వాడాలి. గిన్నెలు తోమే సబ్బు, పైన పూసిన మైనాన్ని కూడా కడిగేస్తుంది. మైనం పోయిన చోట ఎండకు రంగు పొడిపొడిగా తెల్లబడుతుంది.

ఎండలో తుడవకూడదు. వేడి రేకు మీద నీళ్ళు వెంటనే ఆరిపోయి సున్నపు మచ్చలు మిగులుతాయి. ఆ ప్రాంతాల్లో ఉప్పునీళ్ళు, గట్టినీళ్ళు ఎక్కువ. నీడలోగాని, పొద్దున ఎనిమిదిలోపుగాని చేసుకుని, వెంటనే పొడిగుడ్డతో ఆర్చాలి. అప్పుడే నడిచి ఆగిన బండి చక్రాల మీద చల్లనీళ్ళు పోయకూడదు. బ్రేకులు చల్లారాలి.

ఉప్పు గురించి ఒక మాట. సాల్ట్ లేక్ సిటీకి పడమరగా సుమారు 110 మైళ్ళ దూరంలో బోనవిల్ ఉప్పు మైదానం ఉన్నది. కనుచూపు మేర తెల్లగా, చదునుగా ఉంటుంది. 1935లో మాల్కమ్ కాంబెల్ అనే ఆయన గంటకు 300 మైళ్ళు దాటిన వేగంతో కారు నడిపినది అక్కడే. ఒప్పందం ప్రకారం మేము బండిని రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలోనే ఆపి, నడిచి వెళ్ళి చూశాము. అయినా, మా అందరి చెప్పులకు అంటిన ఉప్పు బండి మెట్టు మీద తెల్లగా పేరుకుంది. ఆ మెట్టు మడతపడే ఇనుప మెట్టు. ఉప్పు దానిలోకి దిగితే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ఒక చెంబు మంచినీళ్ళు, గుడ్డ, అయిదు నిమిషాలు, అంతే. సముద్రపు గాలి తగిలినా, చలికాలంలో మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద నడిచినా, బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించడం తప్పదు. పైన కనిపించే ఉప్పుకంటే కింద కనిపించని ఉప్పు ప్రమాదం.

నీళ్ళ విషయంలో అక్కడి పద్ధతి మనం తెలుసుకోవాలి. బండి ఆపుకునే చోట్లను క్యాంప్‌గ్రౌండ్లు అంటారు. కుళాయి ఇస్తారు కాని చాలాచోట్ల బండి కడగనివ్వరు. కొన్నిచోట్ల విడిగా రుసుము తీసుకుని కడుక్కోనిస్తారు. ముందుగా అడగడం మర్యాద. కారణం లేకపోలేదు. అది ఎడారి నేల. గ్రేట్ సాల్ట్ లేక్ నీటిమట్టం 2022లో అంతకు ముందెన్నడూ లేనంత కిందికి పోయింది. పైగా రోడ్డు మీదికి వదిలిన సబ్బునీళ్ళు చాలా ఊళ్ళలో శుద్ధి కాకుండానే వానకాలువల గుండా వాగుల్లో కలుస్తాయి. కనుక రోజువారీ తుడుపుకు నేను పెట్టుకున్న లెక్క రెండు బకెట్లలోను కలిపి ఎనిమిది లీటర్లు. కడగనక్కరలేని ద్రావకం ఒకటి అమ్ముతారు. బకెట్టు నీళ్ళలో కొద్దిగా కలిపి గుడ్డ పిండి తుడిచి ఆర్చడమే, మళ్ళీ నీళ్ళు పోసే పని లేదు. కరవు ఊళ్ళలో పనిచేసి వచ్చినవాళ్ళం మనం, ఈ పొదుపు మనకు కొత్త కాదు.

పూర్తి స్నానం కావాలంటే లారీలు కడిగేచోటికి తీసుకుపోవాలి. మామూలు కార్లు కడిగే యంత్రపు గదిలో ఈ బండి పట్టదు. మా బండి ఎత్తు పదకొండు అడుగులు దాటింది. నాణేలు వేసి మనమే కడుక్కునే షెడ్లు కూడా ఉన్నాయి, గుమ్మం మీద రాసిన ఎత్తు చూసుకుని వెళ్ళాలి. లోపలికి పోయే ముందు కిటికీలు, పైకప్పు గాలిమూతలు మూసుకోవాలి. అక్కడి పంపు నీళ్ళు చాలా బలంగా కొడతాయి. కిటికీ అంచుల రబ్బరుకు, అతుకుల జిగురుకు, అంటించిన బొమ్మలకు, ఫ్రిజ్ గాలి జాలీలకు దగ్గరగా పెట్టి కొట్టకూడదు. మురికి పోవడం మాట అటుంచి నీళ్ళు గోడలోపలికి పోతాయి. కరెంటు తీగ తగిలించి ఉన్నప్పుడు గొట్టంతో నీళ్ళు అసలు కొట్టకూడదు. పక్కకు చాపే గుడ్డ పందిరి ఉంటుంది. తడిగా ఉండగా చుట్టేస్తే బూజు పడుతుంది. వాన వల్ల చుట్టక తప్పకపోతే, ఎండ రాగానే విప్పి ఆరబెట్టాలి.

ఇక్కడున్న ఆడవారికి బాగా అర్థమయ్యే సంగతి ఒకటి చెబుతాను. ఆ బండిలో మంచినీళ్ళు పట్టుకునే గొట్టం తెల్లనిది, మరుగు నీళ్ళు వదిలే గొట్టం వేరే. ఈ రెండూ ఒకచోట పెట్టకూడదు, ఒక చేత్తో ముట్టకూడదు. మా ఆవిడ మొదటిరోజే తెల్లగొట్టానికి మడి కట్టింది. మరుగు గొట్టం తగిలించే వైపు తుడవడానికి వేరే గుడ్డ, వేరే చేతితొడుగులు, అది కూడా అన్నిటికంటే చివర. మనుమరాలు దాన్ని చూసి, "నానమ్మా, ఇది మడి గొట్టమా?" అని అడిగేది. అమెరికాలో పుట్టిన పిల్లకు మడి అన్నమాట అలా వచ్చింది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన మాటకు రుజువులు రెండు మనవి చేస్తాను.

రెండవరోజు సాయంత్రం పురుగుల మరకలు నానబెట్టి తుడుస్తుంటే, బండి నుదుటి మీద వరుసగా ఉండే చిన్నదీపాల కిందనుంచి గోధుమరంగు చార ఒకటి దిగి కనిపించింది. తుడిస్తే పోయింది కాని, పైన దీపం చుట్టూ ఉండే జిగురు పగిలి ఉంది. ఇటువంటి చార కనబడితే దాని మూలం పైన ఎక్కడో ఉంటుంది. పైకప్పు రబ్బరు షీటు, దాని అంచులకు జిగురు. ఆ జిగురు పగిలితే వాననీరు గోడలోకి దిగి లోపల చెక్క కుళ్ళిపోతుంది. అబ్బాయిని లోపల అదేచోట వేలితో నొక్కి చూడమన్నాను. పిల్లల పడక మూల చెక్క మెత్తగా ఉంది, గోడ మీద పాత మరక ఉంది. వెంటనే ఫోటోలు తీయించి, అదే రాత్రి తేదీతో సహా అద్దె కంపెనీకి పంపించాము. వారినుంచి అందినట్లు ఒక్కమాట జవాబు వచ్చింది. నాకు అంతకంటే అక్కరలేదు.

రెండవది ఏడవరోజు ఉదయం. టోరీ అనే చిన్న ఊళ్ళో దిగి ఉన్నాము. ఆరోజు మేము పోవలసినది యూటా 12వ నంబరు రోడ్డు మీదుగా బ్రైస్ కాన్యన్‌కు. ఆ రోడ్డు బౌల్డర్ కొండ మీద 9,600 అడుగుల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. బౌల్డర్, ఎస్కలాంటే ఊళ్ళ నడుమ ఒకచోట సన్నని కొండగట్టు మీదుగా పోతుంది. రెండువైపులా లోయ, అడ్డుగోడ లేదు. అందరూ కాఫీ తాగుతుంటే నేను నా గుడ్డ పట్టుకుని ప్రదక్షిణం మొదలుపెట్టాను. కుడివైపు ముందు చక్రం దగ్గర బురద తుడుస్తుంటే టైరు పక్కభాగంలో నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగిలింది. కంటికి కనబడలేదు, బురద కప్పేసింది. చేతికే తెలిసింది.

టైరు పక్కగోడలో ఉబ్బు ఉన్నదంటే లోపలి దారాలు తెగాయని అర్థం. గాలిని ఆపుతున్నది పైన రబ్బరు ఒక్కటే. ఆ టైరుతో ఒక్క మైలు కూడా నడపకూడదు. అబ్బాయి కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి వ్యక్తి, గాలి సరిగా ఉంటే నెమ్మదిగా తరువాతి ఊరిదాకా నడుపుకుపొమ్మన్నాడు. తరువాతి ఊరు కొండ అవతల. నేను అబ్బాయితో, "ఆ మాట రాతపూర్వకంగా పంపమని అడుగు" అన్నాను. అబ్బాయి అడిగాడు. అవతల కాసేపు మాటలేదు. తరువాత వేరొకరు లైన్లోకి వచ్చి, మనిషిని పంపుతాము, బండి కదపవద్దు అన్నారు. చూశారా, మన ఆఫీసు భాష ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

మధ్యాహ్నం మూడు గంటలకు టైర్ల మనిషి వచ్చాడు. పాత టైరు విప్పి లోపలివైపు మాకు చూపించాడు. అరచేయంత మేర దారాలు పీచులు పీచులుగా తెగి ఉన్నాయి. "ఇది కొండ ఎక్కే వేడికి నిలిచేది కాదు" అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ రాయి తగిలిందో ఎవరికీ తెలియదు. మా కోడలు పిల్లలిద్దరినీ దగ్గరకు తీసుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడింది. మేము ఒకరోజు ఆలస్యంగా, కొత్త టైరుతో ఆ కొండగట్టు దాటాము. దాటేటప్పుడు కిటికీలోంచి లోయ చూశాను. అప్పుడు నేనూ ఏమీ మాట్లాడలేదు. మరునాటి ఉదయం నుంచి అబ్బాయి, "నాన్నగారూ, మీకెందుకీ శ్రమ" అనడం మానేశాడు. తానూ ఒక గుడ్డ తీసుకుని రెండోవైపునుంచి రావడం మొదలుపెట్టాడు.

బండి తిరిగి అప్పగించేటప్పుడు కౌంటరు దగ్గర ఉన్నతను లోపలి మరక చూపించి, నీళ్ళ నష్టం అని డిపాజిట్‌లో కోత వేయబోయాడు. రెండవరోజు ఫోటోలు, తేదీ, వారి జవాబు చూపించాము. కాగితం ఉన్నచోట వాదన అక్కరలేదు. మూడు వారాలకు డిపాజిట్ పూర్తిగా వచ్చింది. శుభ్రం ఖర్చు కింద పైసా కూడా పట్టుకోలేదు.

చివరగా మన వయసువారికి నా గట్టి మనవి. ఈ పనిలో మన వాటా నేలమీద నిలబడి చేయగలిగినంత మాత్రమే. బండి వెనుక నిచ్చెన ఉంటుంది, ఎక్కితే పైకప్పు. ఎక్కవద్దు. తడిసిన రబ్బరు కప్పు జారుతుంది. బి.పి. మాత్రలు వేసుకునేవారికి తలపైకెత్తి చేతులు చాపి కాసేపు పనిచేస్తేనే కళ్ళు తిరగవచ్చు. అక్కడ తుంటి విరిగితే ఆసుపత్రి బిల్లు మన జీవితకాలపు పెన్షన్‌ను మింగేస్తుంది. పైన ఉన్నదానికి పొడుగు కర్ర బ్రష్షు వాడాలి, అందకపోతే కుర్రవాళ్ళకో, కడిగేచోటి పనివాళ్ళకో వదిలేయాలి. కిరోసిన్, పెట్రోలు, థిన్నరువంటివి ఆ రబ్బరు కప్పుకు తగలకూడదని వారికి చెబితే చాలు. జారని బూట్లు వేసుకోవాలి. పెద్ద రోడ్డు పక్కన బళ్ళు పోతుండగా ఎప్పుడూ తుడవకూడదు, విశ్రాంతి స్థలంలోకి తీసుకుపోవాలి. ఎండ మొదలయ్యేలోపు ముగించి, ఒక గ్లాసు నీళ్ళు తాగి కూర్చోవాలి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఒకే వరుసలో వెళ్ళాలి. ముందు అద్దం, దీపాలు, ముఖం మీద పురుగులు, కుడిపక్క, టైర్లు, వెనుక దీపాలు, ఎడమపక్క, మెట్టు. కొత్తగా ఏది కనిపించినా ఫోటో, తేదీ. నేను ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని రోజూ ఒక పంక్తి రాశాను. లాగ్‌బుక్ అలవాటు.

పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు, మనవల్ల వారికి పనేకాని ఉపయోగం లేదని మనలో కొందరు కుంగిపోతుంటారు. బండి నడపలేము, దారి చెప్పే ఫోను మనకు అర్థం కాదు, నిజమే. అయితే రోజూ ఒక వస్తువును ఓపికగా చూడడం, చూసినదాన్ని రాసి పెట్టడం మనకు వచ్చినంతగా వారికి రాదు. వారికి అంత తీరిక లేదు. ఆ తీరికే మన ఆస్తి. అమెరికాలో ఆర్.వి. కానివ్వండి, ఇక్కడినుంచి కాశీకి కట్టించుకుపోయే యాత్రా బస్సు కానివ్వండి, బయలుదేరేముందు ఒక్కసారి చుట్టూ తిరిగి చక్రాలు, దీపాలు, అద్దాలు చూడండి. డ్రైవరు మొదట విసుక్కోవచ్చు. ఉన్న లోపం మీ కంట పడితే బస్సులో అందరికీ మేలు చేసినవారవుతారు.